ఒడ్డు దగ్గరి పగడపు దిబ్బల సర్వే: చిన్న టీమ్ ఏ పద్ధతి ఎంచుకోవాలి?

విశాఖలో డైవింగ్ నేర్చుకున్నవాళ్లు, యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ చదివేవాళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవులొస్తే అండమాన్ వెళ్లి స్కూబా చేసొచ్చేవాళ్లు, వీళ్లలో చాలామందికి ఒక దశ దాటాక చూసి రావడం సరిపోదు, దిబ్బ ఎలా ఉందో కొలిచి రాయాలనిపిస్తుంది. అక్కడే కన్ఫ్యూజన్ మొదలవుతుంది. పడవ వెనకాల తాడు పట్టుకుని ఈదే పద్ధతి ఒకటి, టేపు పరిచి సెంటీమీటర్లలో కొలిచేది ఇంకోటి, ఫోటోలు తీసి కంప్యూటర్లో లెక్కపెట్టేది ఇంకోటి, శాటిలైట్ మ్యాపులు, రంగుల చార్టులు, ఏఐ సాఫ్ట్‌వేర్లు, అన్నీ మంచివే అంటారు, మరి మనలాంటి ఇద్దరు ముగ్గురు, ఒక పడవ, ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్లగలిగేవాళ్లకి ఏది పనికొస్తుందో ఎవరూ తేల్చి చెప్పరు.

నేను ఇక్కడ ఒడ్డుకి దగ్గరగా ఉండే దిబ్బల గురించే రాస్తున్నా, ముఖ్యంగా గల్ఫ్ ఆఫ్ మన్నార్‌ని దృష్టిలో పెట్టుకుని. రామేశ్వరం పక్కన మండపం నుంచి తూత్తుకుడి దాకా వరసగా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు, 1986లో మెరైన్ నేషనల్ పార్క్ అయింది, 1989లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, ఆ 21లో రెండు దీవులు ఇప్పుడు నీటి మట్టం కిందకి వెళ్లిపోయాయి. ఇక్కడి దిబ్బలు లోతు తక్కువ, చాలాచోట్ల నాలుగైదు మీటర్ల లోపే అయిపోతుంది, గాలి లేచిందంటే అడుగునున్న మెత్తటి బురద పైకొచ్చి నీళ్లు కలకబారిపోతాయి. మాల్దీవుల్లోనో లక్షద్వీప్‌లోనో అద్దంలాంటి నీళ్లలో బ్రహ్మాండంగా పనిచేసే పద్ధతి ఇక్కడ సగం రోజులు పనిచెయ్యదు. ఆ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఎంపిక సగం తేలిపోయినట్టే.

నా సలహా ముందే చెప్పేస్తా, తొందరలో ఉన్నవాళ్లు ఇది పట్టుకుని వెళ్లొచ్చు: కొన్ని చోట్లు ఫిక్స్ చేసుకుని ప్రతిసారీ అక్కడే ఫోటో క్వాడ్రాట్లు (కొలత తెలిసిన చదరపు ఫ్రేమ్ పెట్టి పైనుంచి తీసే ఫోటోలు) తియ్యండి, దాంతోపాటు ఎండాకాలంలో రంగుల చార్టుతో పగడాల రంగు రాసుకోండి. ఎందుకు ఇదే అంటున్నానో, ఎవరికి ఇది సరిపోదో కింద రాశా.

ముందు మీ ప్రశ్న ఏంటి

దిబ్బ ఆరోగ్యం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం నాలుగు వేరు వేరు ప్రశ్నలున్నాయి. అసలు ఎక్కడెక్కడ పగడం ఉంది, ఎంత మేర ఉంది అనేది ఒకటి. పోయినేడాదితో పోలిస్తే బతికున్న పగడం పెరిగిందా తగ్గిందా అనేది రెండోది. ఇప్పుడు, ఈ వారంలో బ్లీచింగ్ (వేడికి పగడం తన ఒంట్లోని నాచు కణాల్ని వదిలేసి తెల్లబడటం) అవుతోందా అనేది మూడోది. దెబ్బ ఎందుకు తగిలింది, వేడికా, బురదకా, నాచుకా, వలలకా, పడవ లంగర్లకా అనేది నాలుగోది. ఈ నాలుగింటికీ ఒకే పద్ధతితో జవాబు రాదు. రెండో ప్రశ్నకి వాడాల్సిన పద్ధతితో మొదటి ప్రశ్నకి జవాబు వెతికితే డబ్బు, టైము, పర్మిషన్ రోజులు అన్నీ అయిపోతాయి, చేతిలో మాత్రం ఏమీ మిగలదు. కాబట్టి ఒక కాగితం మీద మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి టీమ్ అందరికీ చూపించండి, అందరూ దాన్ని ఒకేలా అర్థం చేసుకున్నారంటే అప్పుడు సామాను లిస్టు మొదలుపెట్టొచ్చు.

శాటిలైట్: ఎప్పుడు వెళ్లాలో చెప్తుంది, అక్కడ ఏముందో చెప్పదు

మనకి దగ్గర్లోనే, హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ చేపల వేటకి సమాచారం ఇచ్చేదీ ఆ సంస్థే. వాళ్లు 2011 నుంచి పగడాల బ్లీచింగ్ అలర్ట్ కూడా ఇస్తున్నారు, సముద్రం పైపొర ఉష్ణోగ్రతని శాటిలైట్‌తో చూసి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, గల్ఫ్ ఆఫ్ కచ్, గల్ఫ్ ఆఫ్ మన్నార్ ఏరియాలకి వేడి ఒత్తిడి ఎంతుందో చెప్తారు. అమెరికా వాళ్ల నోవా సంస్థ కూడా ప్రపంచం మొత్తానికి 5 కిలోమీటర్ల గడులతో ఇలాంటి మ్యాపు ఇస్తుంది. రెండింటిలోనూ ముఖ్యమైన లెక్క డిగ్రీ హీటింగ్ వీక్స్ అనేది. ఆ చోట మామూలుగా ఏడాదిలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు ఉంటుంది కదా, దానికంటే ఒక డిగ్రీ గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేడి ఉన్నప్పుడు ఆ అదనపు వేడిని గత 12 వారాలకి డిగ్రీ-వారాల్లో కూడుతూ పోతారు. 4 దాటితే బ్లీచింగ్ గట్టిగా కనిపించే అవకాశం, 8 దాటితే బాగా బ్లీచ్ అయ్యి పగడాలు చచ్చిపోవడం మొదలవ్వొచ్చు అని అర్థం.

ఇది ఫ్రీగా దొరుకుతుంది, తప్పకుండా వాడండి, కానీ ఎప్పుడు పడవ మాట్లాడుకోవాలో నిర్ణయించుకోవడానికే వాడండి. 5 కిలోమీటర్ల గడి అంటే మన్నార్‌లో ఒక దీవి, దాని చుట్టూ ఉన్న దిబ్బ మొత్తం అందులో పట్టేస్తాయి, పైగా ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట్ల నీళ్లు మధ్యాహ్నానికి ఎంత కాగుతాయో ఆ లెక్కలోకి రాదు. అందుకే వీలైతే ఒక చిన్న టెంపరేచర్ లాగర్, హోబో లాంటిది, దిబ్బ పక్కన కట్టి వదిలెయ్యండి, ఏడాది పొడుగునా అది రాసుకుంటూనే ఉంటుంది, తర్వాత మీ ఫోటోల్లో ఏదైనా మార్పు కనిపిస్తే వేడి వల్లా కాదా అని చెప్పడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

పగడాల్ని చూపించే శాటిలైట్ మ్యాపులు వేరే ఉన్నాయి, అలెన్ కోరల్ అట్లాస్ లాంటివి. దీవి చుట్టూ దిబ్బ ఆకారం ఎలా ఉంది, ఇసుక ఎక్కడ, గడ్డి ఎక్కడ అని ఇంట్లో కూర్చుని ప్లాన్ వేసుకోవడానికి బాగుంటాయి. కలకనీళ్లలో పైనుంచి చూస్తే బతికున్న పగడమేదో నాచు పట్టిన చచ్చిన పగడమేదో తేడా తెలియదు, కాబట్టి ఆరోగ్యం గురించి దాంట్లోంచి అంకె తియ్యొద్దు.

మాంటా టో వర్సెస్ టైమ్డ్ స్విమ్

ఎక్కడెక్కడ ఏముంది అనే మొదటి ప్రశ్నకి ప్రపంచంలో బాగా పేరున్న పద్ధతి మాంటా టో. పడవ వెనక సుమారు 17 మీటర్ల తాడు, దాని చివర ఒక బోర్డు, దాన్ని పట్టుకుని మాస్కు, స్నార్కెల్‌తో మనిషి, పడవ నడక స్పీడులో వెళ్తుంది, రెండు నిమిషాలకోసారి ఆపి ఇప్పటిదాకా చూసిన దాంట్లో బతికున్న పగడం ఎంత శాతం, చచ్చింది ఎంత, పగడాల్ని తినే ముళ్ల కిరీటం స్టార్‌ఫిష్‌లు ఎన్ని అని బోర్డు మీద రాసుకుంటారు. ఆస్ట్రేలియాలో ఎయిమ్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ 1980ల నుంచి గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఎంచుకున్న దిబ్బల్ని ఇలాగే చుట్టి వస్తోంది, అంత పెద్ద దిబ్బకి అంతకన్నా మంచి దారి లేదు కూడా.

మన్నార్‌లో మాత్రం నేను దీన్ని సిఫార్సు చెయ్యను. రెండు నిమిషాల్లో దాదాపు 130 మీటర్లు దాటిపోతారు, కింద పగడం అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా ఉంటుంది, నీళ్లు స్పష్టంగా లేకపోతే అది కంటికి కనిపించేలోపే దాటిపోతుంది, ఇంకా పెద్ద విషయం ఏంటంటే లోతు మీటరున్నర ఉన్న చోట మోటారు పడవ తిప్పితే పంకా తగిలి విరిగేది మనం కాపాడాలనుకుంటున్న పగడమే. దానికి బదులు టైమ్డ్ స్విమ్ చెయ్యండి. ఒక చిన్న ఫ్లోట్ మీద వాటర్‌ప్రూఫ్ కవర్లో జీపీఎస్ పెట్టి, దాన్ని లాక్కుంటూ ఇద్దరు పక్కపక్కన పది నిమిషాలు ఈదండి, పది నిమిషాలకి ఏం చూశారో కేటగిరీల్లో రాయండి: పగడం పది శాతం లోపు, పది నుంచి ముప్పై, ముప్పై నుంచి యాభై, అలా. ఒక్క శాతం కూడా తేడా లేకుండా కచ్చితంగా చెప్పాలని ప్రయత్నించొద్దు, కన్ను అంత కచ్చితంగా చూడలేదు. ఒక దీవి చుట్టూ రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఆ మ్యాపు మీద తర్వాత పనంతా ఆధారపడుతుంది.

అసలు పోటీ: టేపా, పాయింట్లా, ఫోటోలా

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. బతికున్న పగడం ఎంత శాతం ఉందో కొలవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది లైన్ ఇంటర్‌సెప్ట్, అంటే 20 మీటర్ల టేపు దిబ్బ మీద బిగించి పరిచి, టేపు కింద ఏది మారినా అక్కడ సెంటీమీటరు రీడింగ్ రాసుకోవడం. సున్నా నుంచి 34 దాకా బండ పగడం, 34 నుంచి 51 ఇసుక, 51 నుంచి 80 అక్రోపోరా అనే కొమ్మల పగడం, ఇలా చివరిదాకా. మన దేశంలో పాత థీసిస్‌లు, రిపోర్టులు చాలా దీంతోనే చేశారు, కాబట్టి పాత అంకెలతో పోల్చాలంటే ఇది అవసరం అవుతుంది, అది దీనికున్న పెద్ద ప్లస్. కెమెరా అక్కర్లేదు, ఒడ్డుకి వచ్చేసరికి డేటా చేతిలో ఉంటుంది. మైనస్ ఏంటంటే నీళ్లలోనే పగడం జాతి గుర్తుపట్టాలి, ఒక టేపుకి అరగంటో ముప్పావుగంటో పడుతుంది, ఆ టైమంతా అలలు టేపుని అటూ ఇటూ ఊపుతుంటాయి, మీ స్లేట్ మీద తప్పు రాస్తే ఇంటికొచ్చాక సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. ఒకళ్లు చూసి డిప్సాస్ట్రియా అన్నదాన్ని ఇంకొకళ్లు గోనియాస్ట్రియా అంటారు, ఎవరు రైటో తేలదు.

రెండోది పాయింట్ ఇంటర్‌సెప్ట్. టేపు అదే, కానీ ప్రతి అర మీటరుకి ఆ ఒక్క పాయింట్ కింద ఏముందో మాత్రమే రాస్తారు. రీఫ్ చెక్ అనే వాలంటీర్ల ప్రోగ్రాం 1997 నుంచి ఇదే వాడుతోంది: వంద మీటర్ల లైను, అందులో మధ్యలో ఐదేసి మీటర్లు వదులుతూ నాలుగు 20 మీటర్ల ముక్కలు, ఒక్కో ముక్కకి 40 పాయింట్లు, మొత్తం 160. జాతులు తెలియక్కర్లేదు, గట్టి పగడం, మెత్తటి పగడం, ఈమధ్య చచ్చిన పగడం, నాచు, రాయి, ముక్కలు, ఇసుక, బురద, ఇలాంటి కేటగిరీలు చాలు, రెండు మూడు రోజుల ట్రైనింగ్‌తో నేర్చుకోవచ్చు. అందుకే కొత్త టీమ్‌లకి చాలామంది ఇదే చెప్తారు, తప్పు కాదు.

కానీ ఒక చిన్న లెక్క చూడండి. దిబ్బ మీద నిజంగా 30 శాతం పగడం ఉందనుకుందాం, మీరు 160 పాయింట్లు చూశారు, అప్పుడు మీకొచ్చే జవాబు అదృష్టాన్ని బట్టి 23 నుంచి 37 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఈ ఏడాది 34 వచ్చి వచ్చే ఏడాది 27 వస్తే దిబ్బ దెబ్బతిందని కూడా చెప్పలేం, ఏమీ కాలేదని కూడా చెప్పలేం. అదే ఫోటోలైతే, యాభై ఫోటోలు, ఒక్కో ఫోటోలో ఇరవై పాయింట్లు అంటే వెయ్యి పాయింట్లు, అప్పుడు ఆ తేడా రెండు వైపులా మూడు శాతానికి తగ్గుతుంది. నిజంలో పగడాలు గుంపులుగా ఉంటాయి కాబట్టి ఇంత బాగా తగ్గదు, ఒకే ఫోటోలో ఇరవై పాయింట్లూ ఒకే బండ పగడం మీద పడొచ్చు, అందుకే ఒక ఫోటోలో పాయింట్లు పెంచడం కన్నా ఫోటోల సంఖ్య పెంచడం మంచిది, టేపుల సంఖ్య పెంచడం ఇంకా మంచిది.

మూడోది అదే, ఫోటో క్వాడ్రాట్. పీవీసీ పైపుతో 50 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్ చేసి, దానికి కెమెరా ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేలా కాళ్లు పెట్టి, టేపు పక్కన ప్రతి మీటరుకి ఒక ఫోటో. 20 మీటర్లకి పది పదిహేను నిమిషాలు, అంతే, నీళ్లలో టైము తక్కువ, కలకనీళ్ల రోజుల్లో ఇది చాలా పెద్ద విషయం, నీళ్లు స్పష్టంగా ఉండేది పొద్దున రెండు మూడు గంటలే అయితే ఆ గంటల్లోనే నాలుగైదు టేపులు అయిపోతాయి. ఇంటికొచ్చాక సీపీసీఈ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఫోటో మీద ర్యాండమ్‌గా పాయింట్లు పడతాయి, ఒక్కో పాయింట్ కింద ఏముందో క్లిక్ చేసుకుంటూ పోవడమే. జాతి తెలియకపోతే తెలిసినవాళ్లకి పంపొచ్చు. పదేళ్ల తర్వాత ఇంకొకళ్లు వచ్చి అదే ఫోటోల్ని మళ్లీ లెక్కపెట్టొచ్చు, అప్పటికి ఇప్పుడు మనకి తట్టని ప్రశ్న ఏదైనా ఉంటే దానికీ జవాబు వెతకొచ్చు. స్లేట్ మీద రాసిన అంకెకి ఆ అవకాశం లేదు, నేను ఫోటోల వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

ఎయిమ్స్ వాళ్లు కూడా ఒడ్డు దగ్గరి దిబ్బలకి, అంటే నదుల బురద వచ్చి పడే చోట్లకి, 2005 నుంచి మాంటా టో మీద ఆధారపడకుండా 20 మీటర్ల ఫిక్స్‌డ్ టేపుల మీద ఫోటోలే తీస్తున్నారు, అదీ 2 మీటర్ల లోతులోనూ 5 మీటర్ల లోతులోనూ విడివిడిగా. బయటి దిబ్బకి ఒకటి, లోపలి దిబ్బకి ఇంకోటి అని వాళ్లే విడగొట్టుకున్నారంటే మనం కూడా ఆలోచించాలి.

కెమెరా విషయం త్వరగా చెప్పేస్తా. ఖరీదైనది అక్కర్లేదు, నీళ్లలోకి తీసుకెళ్లగలిగే ఒలింపస్ టీజీ సిరీస్ లాంటిది గానీ హౌసింగ్‌లో పెట్టిన మామూలు కాంపాక్ట్ గానీ చాలు. గోప్రో అయితే వైడ్ యాంగిల్ తీసేసి లీనియర్‌లో పెట్టండి, లేకపోతే అంచుల్లో ఉన్న పగడం సాగిపోయి కనిపిస్తుంది. కలకనీళ్లలో ఫ్లాష్ ఆఫ్ చెయ్యండి, ఆన్‌లో ఉంటే నీళ్లలో తేలే నలకలన్నీ తెల్లగా మెరిసి కింద ఉన్నది కనపడదు. నీళ్లు మరీ బాగోకపోతే ఫ్రేమ్ చిన్నది చేసి కెమెరా దగ్గరికి తీసుకురండి, కానీ ఒకసారి సైజు ఫిక్స్ చేశాక ఏళ్లపాటు అదే వాడాలి. ఫ్రేమ్ ఒక మూల తెల్ల టేపు అంటించండి, రంగులు సరిచేసుకోవడానికి పనికొస్తుంది.

ఏఐ గురించి చాలామంది అడుగుతున్నారు. కోరల్‌నెట్, రీఫ్‌క్లౌడ్ లాంటివి ఫోటోల మీద పాయింట్లని వాటంతట అవే గుర్తుపడతాయి, వందల ఫోటోలు ఉంటే బోలెడు టైము మిగులుతుంది. అయితే ముందు మీ ఫోటోల్లో కొన్ని వందలు మీరే చేత్తో మార్క్ చేసి దానికి నేర్పించాలి, మన పచ్చటి మసక నీళ్ల ఫోటోల మీద అది నాచునీ బురద పట్టిన పగడాన్నీ కలిపేసే ప్రమాదం ఎక్కువ. గట్టి పగడమా కాదా అనే స్థాయి వరకు నమ్మొచ్చు, జాతి స్థాయికి వచ్చేసరికి మనిషి కన్ను పక్కన ఉండాల్సిందే.

చోటు ఫిక్స్ చెయ్యాలా, ప్రతిసారీ కొత్త చోటా

మార్పు చూడాలంటే ఫిక్స్ చెయ్యండి, మొత్తం దీవికి సగటు చెప్పాలంటే ర్యాండమ్ చోట్లు తీసుకోండి. చిన్న టీమ్‌కి మొదటిదే మేలు ఎందుకంటే అదే పగడాన్ని మళ్లీ మళ్లీ చూస్తున్నప్పుడు తక్కువ ఫోటోలతోనే చిన్న మార్పు కూడా దొరుకుతుంది. చోటుకి గుర్తుగా స్టీల్ రాడ్లు పాతడానికి నేషనల్ పార్కులో పర్మిషన్ లెటర్లో ప్రత్యేకంగా రాయించుకోవాలి. అది దొరక్కపోతే జీపీఎస్ మీదే ఆధారపడాలి, అది మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ పోతుంది, అందుకని మొదటి ట్రిప్పులోనే దగ్గర్లో ఉన్న పెద్ద పోరైటిస్ (బండలా పెరిగే పగడం) బండలు లాంటి గుర్తుల్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత వెళ్లేవాళ్లు ఆ ఫోటోలు లామినేట్ చేసి నీళ్లలోకి తీసుకెళ్లొచ్చు.

ఒక్క విషయంలో జాగ్రత్త. అందరికీ అందమైన చోటే టేపు పరవాలనిపిస్తుంది. అలా అన్నిటికన్నా బాగున్న చోట్లే ఫిక్స్ చేస్తే అక్కడ ఇక పెరగడానికి చోటుండదు, తర్వాత ఏళ్లలో తగ్గడమే కనిపిస్తుంది, దీవి మొత్తం అలాగే ఉన్నా మీ గ్రాఫ్ కిందకే పోతుంది. టైమ్డ్ స్విమ్ మ్యాపు మీద పగడం ఉన్న ఏరియాని ముక్కలు చేసి, చీటీలు తీసి చోట్లు నిర్ణయించుకోండి, అందులో సగం చచ్చిన చోటు వచ్చినా సరే వదలకండి, పగడం తిరిగి లేచేది కూడా అలాంటి చోట్లే కనిపిస్తుంది.

బ్లీచింగ్ చూడాలంటే

ఫోటో క్వాడ్రాట్లు ఏడాదికి ఒకసారి తీస్తే మధ్యలో బ్లీచింగ్ వచ్చి పోయినా తెలియదు. మన్నార్‌లో ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు బాగా వేడెక్కుతాయి. 1998, 2010, 2016 బ్లీచింగ్‌లలో ఇక్కడి దిబ్బలు బాగా దెబ్బతిన్నాయి, 2024 ఏప్రిల్‌లో అయితే ప్రపంచమంతా నాలుగోసారి గ్లోబల్ బ్లీచింగ్ జరుగుతోందని నోవా ప్రకటించింది. కాబట్టి అలర్ట్ రాగానే వెళ్లి చూడగలిగే తేలికైన పద్ధతి ఒకటి చేతిలో ఉండాలి.

దానికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్ చార్టు బాగుంటుంది. చేతిలో పట్టే ప్లాస్టిక్ కార్డు, నాలుగు రంగుల్లో ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా షేడ్లు, 1 అంటే తెల్లగా, 6 అంటే ముదురుగా. ఒక్కో పగడంలో అన్నిటికన్నా లేత భాగం, అన్నిటికన్నా ముదురు భాగం రెండూ రాయాలి, కనీసం ఇరవై పగడాలు చూడాలి. ఒకే చోట రెండు షేడ్లు పడిపోయాయంటే బ్లీచింగ్ జరుగుతోందని లెక్క. స్కూబా అక్కర్లేదు, స్నార్కెల్ చాలు, స్కూలు పిల్లలు కూడా చెయ్యగలరు.

ఒడ్డు దగ్గర దీన్ని వాడేటప్పుడు ఒక తేడా ఉంది. కలకనీళ్లలో వెలుతురు తక్కువ కాబట్టి పగడాలు మామూలుగానే ముదురుగా ఉంటాయి, వెలుతురుని ఎక్కువ పట్టుకోవడం కోసం వాటి ఒంట్లో ఉండే నాచు కణాల్లో పచ్చదనం పెరుగుతుంది. అందుకని వేరే చోటి సగటుతో పోల్చకుండా ఫిబ్రవరిలోనే ఒకసారి వెళ్లి మీ చోటుకి మీరే బేస్ రీడింగ్ తీసుకోండి, తర్వాత మే నెల రీడింగ్‌ని దాంతో పోల్చండి. వీలైతే అవే పగడాల్ని చూడండి, ఒకే టైములో, మబ్బు లేనప్పుడు, టార్చి వెయ్యకుండా.

ఇంకోటి, గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్క్ వాళ్లు వాడే ఐదు మీటర్ల వృత్తం పద్ధతి ఉంది. ఒక పాయింట్ దగ్గర ఆగి చుట్టూ ఐదు మీటర్ల దూరంలో ఎంత పగడం, ఎంత నాచు, ఎంత బ్లీచింగ్, జబ్బులు, విరిగినవి, పురుగులు నత్తలు తిన్నవి, వల ముక్కలు, అన్నీ ఒకే ఫారంలో నింపేస్తారు. నాకు ఇది బాగా నచ్చుతుంది ఎందుకంటే ఎందుకు దెబ్బతింది అనే నాలుగో ప్రశ్నకి దీంట్లో కొంత జవాబు దొరుకుతుంది. శాతాలు కంటి అంచనాలే కాబట్టి వీటితో పెద్ద స్టాటిస్టిక్స్ చెయ్యలేం గానీ ఫోటో టేపులు పక్కన ఉంటే ఈ రెండూ ఒకదానికొకటి చక్కగా తోడవుతాయి.

తెల్లగా కనిపించిందల్లా చచ్చిపోయింది అని రాయొద్దు, కొత్తవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. బ్లీచ్ అయిన పగడానికి పైన పల్చటి కండ ఇంకా ఉంటుంది, దగ్గరగా చూస్తే పాలిప్స్ (పగడాన్ని కట్టే చిన్న జీవులు) కనిపిస్తాయి, వేడి తగ్గితే కోలుకుంటుంది. చచ్చినదాని మీద కండ ఉండదు, ఉత్త సున్నపు ఎముక, కొద్ది రోజుల్లోనే దాని మీద పల్చటి నాచు పడుతుంది. అనుమానంగా ఉంటే దగ్గర నుంచి ఇంకో ఫోటో తియ్యండి, చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

శాతం ఒక్కటే సరిపోదు

ఒక దిబ్బ మీద ఐదేళ్ల కింద 35 శాతం, ఇప్పుడూ 35 శాతం అంటే ఏమీ కాలేదనుకుంటాం. కానీ అప్పుడు అందులో సగం కొమ్మల అక్రోపోరా, ఇప్పుడు మొత్తం బండ పోరైటిస్, అలాంటప్పుడు చిన్న చేపలకి దాక్కునే చోటు పోయింది, దిబ్బ పూర్తిగా మారిపోయింది, అంకెలో మాత్రం కనపడలేదు. వేడికి ముందు పోయేవి అక్రోపోరా, మాంటిపోరా, పోసిల్లోపోరా లాంటి వేగంగా పెరిగేవే, తట్టుకునేవి బండలు. అందుకని కనీసం కొమ్మలవి, పలకలవి, బండలవి అని మూడుగా అయినా విడగొట్టి లెక్కపెట్టండి.

ఎయిమ్స్ వాళ్లు ఒడ్డు దగ్గరి దిబ్బలకి మార్కులు వేసేటప్పుడు ఐదు విషయాలు చూస్తారు: గట్టి పగడం శాతం, పెద్ద నాచు ఎంత, ఐదు సెంటీమీటర్ల లోపు పిల్ల పగడాలు ఎన్ని, పగడం పెరగాల్సినంత వేగంగా పెరుగుతోందా, ఏ రకాలు ఉన్నాయి. ఇందులో పిల్ల పగడాల లెక్క చాలా మంది వదిలేస్తారు, నా దృష్టిలో అది అన్నిటికన్నా విలువైనది. పెద్దవి పోయినా పిల్లలు వస్తుంటే దిబ్బ బతుకుతుంది, శాతం బాగున్నా ఒక్క పిల్ల కూడా లేకపోతే వచ్చే దెబ్బ తర్వాత లేవదు. టేపు పక్కన ఒక స్లేట్ వెడల్పు పట్టీలో, ఇంకొక డైవరు మెల్లగా వెతుక్కుంటూ వస్తే చాలు, ఫోటోల్లో ఇవి సరిగా దొరకవు కాబట్టి కంటితోనే లెక్కపెట్టాలి.

నాచు విషయంలో మన్నార్‌కి ప్రత్యేకంగా ఒకటి చూడాలి. పెంపకం కోసం బయటి దేశాల నుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు కురుసడై దీవి దగ్గర పగడాల మీద దుప్పటిలా పరుచుకున్నట్టు 2008లోనే బయటపెట్టారు. మామూలు నాచు, ఇది వేరు వేరుగా రాయండి, ఫారంలో నాచు అనే ఒకే కాలమ్‌లో కలిపేస్తే అటవీ శాఖ వాళ్లకి మీ రిపోర్టు ఏ పనికీ రాదు.

కచ్ అయితే లెక్క వేరు

గుజరాత్‌లో గల్ఫ్ ఆఫ్ కచ్‌లో పోటుకీ పాటుకీ మధ్య తేడా మీటర్లలో ఉంటుంది, నీళ్లు దాదాపు ఎప్పుడూ కలకే. అక్కడ నరారా, పిరోటన్ లాంటి చోట్ల అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి వెళ్లినప్పుడు దిబ్బ బయటపడుతుంది, మనుషులు నడుచుకుంటూ వెళ్లి చూడొచ్చు. అక్కడ స్కూబా, మాంటా టో గురించి ఆలోచించే పనే లేదు, నేల మీదే మీటరు చదరపు ఫ్రేమ్ పెట్టి ఫోటోలు తీసుకోవచ్చు. అయితే పైకి బయటపడే భాగం మాత్రమే అందులోకి వస్తుంది, నీళ్లలో ఉండిపోయే భాగం ఎలా ఉందో దాన్నిబట్టి చెప్పకూడదు. నడిచేటప్పుడు ఇసుక కాలవల్లోంచే వెళ్లాలి, పది మంది గుంపుగా పగడాల మీంచి నడిచారంటే సర్వే వల్లే దెబ్బ తగులుతుంది. పాటు మొదలయ్యాక వెళ్లి, నీళ్లు తిరిగేలోపు ఒడ్డుకి చేరేలా టైము చూసుకోండి, అక్కడ పోటు చాలా వేగంగా వస్తుంది.

పర్మిషన్లు, మనుషులు

గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులి ఉన్న లిస్టులోనే పగడమూ ఉంది. చచ్చిన ముక్క కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. నేషనల్ పార్కులో సర్వేకి ఆ రాష్ట్ర అటవీ శాఖ నుంచి పర్మిషన్ కావాలి, దానికి నెలలు పట్టొచ్చు, ఏప్రిల్‌లో వెళ్లాలంటే దసరా లోపే అప్లికేషన్ పెట్టెయ్యండి. తూత్తుకుడిలో సుగంతి దేవదాసన్ మెరైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇరవై ఏళ్లుగా ఇక్కడి దీవుల్ని చూస్తున్నారు, వాళ్లతో మాట్లాడి వాళ్ల చోట్లకి, కేటగిరీలకి సరిపోయేలా మీది పెట్టుకుంటే మీ డేటా విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పడవ అన్నల మాట వినండి. మండపం వైపు నాచు ఏరే ఆడవాళ్లు, జాలర్లు ఈ దిబ్బల మీదే బతుకుతున్నారు, నైరుతి గాలి మొదలైతే మన్నార్ వైపు కలకబారుతుందనీ, ఈశాన్యం గాలిలో అవతల పాక్ బే వైపు కలకబారుతుందనీ, ఏ దీవికి ఏ వైపు ఏ నెలలో నీళ్లు తేటగా ఉంటాయనీ ఏ యాప్ కన్నా వాళ్లే బాగా చెప్తారు. సర్వే అయ్యాక వాళ్లకి ఫోటోలు చూపించండి, ఏం దొరికిందో వాళ్ల భాషలో చెప్పించండి, అది మర్యాద మాత్రమే కాదు, వచ్చే ఏడాది మీరు వెళ్లేలోపు ఏం జరిగిందో మీకు చెప్పేది వాళ్లే.

ప్రాక్టీస్ అంటారా, విశాఖ దగ్గర మన్నార్ లాంటి దిబ్బలు లేకపోయినా రాళ్ల మీద టేపు పరిచి, ఫ్రేమ్ పెట్టి ఫోటోలు తియ్యడం రుషికొండ వైపు నేర్చుకోవచ్చు, దానికి ముందు స్విమ్మింగ్ పూల్‌లో అడుక్కి తగలకుండా ఒకే ఎత్తులో తేలడం వచ్చేదాకా ప్రాక్టీస్ చెయ్యండి. తేలడం రాని డైవర్ని పగడాల మీదకి పంపొద్దు, ఎంత ఉత్సాహం ఉన్నా సరే.

ఎవరికి ఏది

స్కూబా రాని వాలంటీర్ల గుంపు అయితే స్నార్కెల్, రంగు చార్టు, టైమ్డ్ స్విమ్, ఈ మూడు చాలు, ఇంకేమీ పెట్టుకోవద్దు. ఇద్దరు డైవర్లు, ఒక కెమెరా, ఏడాదికి ఒక ట్రిప్ అయితే ఒకే దీవి పట్టుకుని రెండు లోతుల్లో నాలుగేసి ఫిక్స్‌డ్ టేపులు, ఫోటో క్వాడ్రాట్లు, పిల్ల పగడాల లెక్క, దీవులు పెంచుకోవడం కన్నా టేపులు పెంచుకోవడం మేలు. పీహెచ్‌డీ చేస్తూ జాతుల స్థాయిలో రాయాల్సినవాళ్లు, పాత థీసిస్‌తో పోల్చాల్సినవాళ్లు లైన్ ఇంటర్‌సెప్ట్ చెయ్యండి, అదే టేపు మీద ఫోటోలు కూడా తీసి పెట్టండి, రెండు పద్ధతుల మధ్య తేడా ఎంతొస్తుందో అక్కడే తెలిసిపోతుంది. వాలంటీర్లు ప్రతిసారీ మారిపోతుంటే, కెమెరా కూడా లేకపోతే, రీఫ్ చెక్ పద్ధతి తీసుకోండి గానీ ఒక్క లైనుతో ఆగకుండా కనీసం మూడు లైన్లు చెయ్యండి. నీటి కింద డ్రోన్లు, త్రీడీ మోడళ్లు, నీళ్లలో డీఎన్ఏ వెతికే పద్ధతులు ఉన్నాయి, పెద్ద సంస్థలకి బాగానే ఉంటాయి, మన నీళ్లలో మన బడ్జెట్‌లో ఇప్పుడప్పుడే వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇక ఫోటోలు. ఫైలు పేరులోనే దీవి, తేదీ, లోతు, టేపు నంబరు, ఫోటో నంబరు ఉండాలి, ఆ రోజు సాయంత్రమే పడవ దిగాక రెండు చోట్ల కాపీ చెయ్యాలి, నీళ్లు ఎంత స్పష్టంగా ఉన్నాయి, ఏ కెమెరా, ఎవరు తీశారు అన్నది ఒక పేజీలో రాసి అదే ఫోల్డర్లో పెట్టాలి. ఎంత అలసిపోయినా ఈ పని మర్నాటికి వాయిదా వెయ్యొద్దు.